తూర్పు దిక్కు కంది

ఫాయిదా లేదని ఎట్ల చెప్తవమ్మా? రేపు జహీరాబాద్ మీటింగుల, అంతమంది రైతుల ముంగట నిలబడి, "ఈ పచ్చపొడితోటి ఏం ఫాయిదా లేదు" అంటవా? నోరెట్లొస్తది నీకు?

కూసో. గా తరాజు పక్కకు పెట్టు. మూడుసార్లు జోకినం, ఇంకెన్నిసార్లు జోకుతవ్? నా చేన్ల పొడి పట్టించి ఇత్తిన పడమటి దిక్కు కంది ఎంతొచ్చిందో, పట్టించని తూర్పు దిక్కు గంతే వచ్చింది. అయింది గద.

మీ పెద్దసారు ఫోన్ల అన్నది నేనిన్న. తేడా లేకుంటే పొడి దండుగ, ఈ పని బంద్ జెయ్యమన్నడు. నీ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నేను చూడలేదనుకున్నవా? చీమిడి తుడుసుకో ముందుగాల. ఇంద, కొంగు ఉన్నది.

మొదటిసారి నువ్వు మా సంఘం కాడికి వచ్చిన రోజు యాదికున్నదా లావణ్యమ్మా? తెర కట్టినవ్, బొమ్మలేసినవ్. మీ దిక్కు తెలుగుల మస్తు మంచిగనే చెప్పినవ్, నేను కాదంటలేను. కని శిలీంధ్రం అంటివి, జీవ నియంత్రణ అంటివి. ఎన్క వరుసల చెన్నబసప్ప మామ గుర్రు పెట్టిండు! నీ మొకం ఇంతైంది. నాకు పాపమనిపించింది, మైకు గుంజుకున్న.

ఏమన్న నేను? "ఓ అక్కలాలా, పొద్దున ఝరాసంగం ఆటోల మనం పదమూడు మందిమి ఎక్కి కూసుంటే పద్నాలుగోటోడు ఏడ కూసుంటడు? కంది వేరు చుట్టు గూడ గంతే! ఈ పొడిల ఉన్నది మంచి బూజు. ఇత్తుతోటే పోయి వేరు చుట్టు జాగ పట్టుకుంటది. ఎండు తెగులు తెచ్చే పాడు బూజు వచ్చి తొంగి చూస్తది. సీటేది? పో బిడ్డా పో, ఎన్క ఆటో చూసుకో!"

ఎట్ల నవ్విన్రు! నువ్వు గూడ నవ్వినవ్. చెన్నబసప్ప మామ లేసి కూసున్నడు. ఆ దినం సంది నన్ను న్యాల్‌కల్ తీస్కపోతివి, రాయికోడ్ తీస్కపోతివి. బస్సుల చెప్పిన, పెండ్లిల చెప్పిన, దవాఖానల సూది ఏసే పిల్లకు గూడ చెప్పిన. ఇప్పుడు నన్ను ఎవలూ రత్నమ్మ అంటలేరు, ఆటో బూజమ్మ అంటున్నరు! నాకేం, నాకు మస్తు సంబురం. మూడో తరగతి ఇడిసిపెట్టినదాన్ని, చేతుల మైకు పట్టుకుంటే ఎవలికి సంబురముండది?

కని ఒక్క సవాలుకు మాత్రం నా కాడ జవాబు లేకుండె. చెన్నబసప్ప మామనే అడిగిండు. "పొడి మంచిదైతే సగం చేను ఎందుకు ఒట్టిగ ఇడిసిపెట్టిన్రు? గా సగం ఏం పాపం జేసింది?" అని. నువ్వు చెప్పినవ్, రెండింటినీ పోల్చి చూసెటందుకు అని. ఆయన తలకాయ ఊపిండు. నేనూ ఊపిన. ఇద్దరికీ సమజ్ కాలె.

ఇగో, ఇప్పుడు జర ఇటు చూడు. కాదు, నేలకెల్లి చూడకు, నా మొకం చూడు. లేకుంటే నేను చెప్పలేను.

ఇత్తిన దినం పొద్దూకంగ నువ్వు ఆటో ఎక్కి పోయినవ్. పొడి సంచిల ఇంత మిగిలింది. నేను గట్టు మీద కూసున్న. పడమటి దిక్కువి, తూర్పు దిక్కువి ఒక్క గంపల ఇత్తులే గద బిడ్డా. నా చేతితోటి దాసిపెట్టుకున్న ఇత్తులు. మా ఇంట్ల అన్నం బంతిల కూసున్నంక ఒకలకు పెట్టి ఒకలకు పెట్టకుండ లేసుడు లేదు. మా అత్త సచ్చేదాక గదే చెప్పింది. బంతిల భేదం చేస్తే ఆ ఇంట్ల అన్నం పుట్టదని.

మిగిలిన పొడి పెంట ఎరువుల కలిపిన. తూర్పు దిక్కంత చల్లిన.

తిట్టు. తిట్టవేంది? అయ్యో, తిట్టు తల్లీ, గట్ల చూడకు!

ఇయ్యాల నువ్వు తూకమేసేదాక నాకు తప్పనిపించనే లేదు, నీ మీద ఒట్టు. పుణ్యం చేసిననుకున్న. ఇన్ని నెలలు నిమ్మళంగ నిద్రపోయిన. పక్కన మా తోటికోడలు నారమ్మ చేను చూస్తివి గద, పొడి ముట్టని చేను, పూతకొచ్చి నిలువునా ఎండె. మన రెండు దిక్కులు పచ్చగ నిలబడ్డయి. పొడి పనిచెయ్యక కాదు లావణ్యమ్మా. రెండు దిక్కుల్ల పనిచేసింది! చేసిందనే నేనంట. కని నా మాట ఇని నువ్వు కాయితం మీద ఎట్ల రాస్తవ్? గదే నాకు ఇప్పుడు సమజైంది.

పెద్దసారుకు ఫోన్ చెయ్యి. "రత్నమ్మ ఆగం జేసింది, పొడిది తప్పు లేదు, నాదీ లేదు, ఇంకో ఏడు ఇయ్యిన్రి" అని చెప్పు. తిడితే నన్ను తిట్టమను.

రేపు మైకు ముందుగాల నాకియ్యి. చెన్నబసప్ప మామకు జవాబు బాకీ ఉన్న. "మామా, సగం ఎందుకు ఒట్టిగ ఉంచాలె అంటివి. ఇగో, నేను ఉంచకుండ ఇద్దరికీ పెట్టిన. ఇప్పుడు ఎవరు దేంతోటి బతికిన్రో దేవునికే ఎర్క!" అంట. నవ్వుతరు. నవ్వనీ. ఈసారి నన్ను చూసి నవ్వుతరు, గంతే గద.

నువ్వు నవ్వినవా? నవ్వినవ్, నేను చూసిన!

ఒక్క మాట. వచ్చే ఏడు ఒట్టిగుంచే సగం నారమ్మ చేన్ల పెట్టు. అది ఇంటికొచ్చిన సుట్టాలకు చాయ్ గూడ పొయ్యది, నీకు అసుంటి మనిషే కావాలె. నాకియ్యకు బిడ్డా. ఇంత తెలిసినంక గూడ, నాకిచ్చినవంటే మల్ల పెడత. అబద్ధమెందుకు చెప్పాలె.