కిటికీలోని ఏడు కుట్లు

పేరు, చిరునామా పై కాగితంలో ఇచ్చాను. వయసు యాభై నాలుగు. బీఎస్సీ చదివాను. కొలత మీటర్లు బాగుచేస్తాను.

నా భార్య సౌరశక్తి పరిశోధనశాలలో పదకొండేళ్లు పనిచేసింది. సోలార్ సెల్లు అడుగున ప్లాస్టిక్‌కు బదులు మొక్కజొన్న కాడల పీచుతో చేసిన పారదర్శకమైన పొర వాడవచ్చని ఆమె నమ్మకం. "గడ్డి గడ్డేనమ్మా. నాలుగు చినుకులు పడితే కుళ్ళిపోతుంది" అని ఆమె పై అధికారి ఆ పని ఆపించారు. "కుళ్ళేదాకా చూద్దాం సార్" అందట.

ఈ ఏడాది మార్చి 9, ఆదివారం, ఉదయం పదిన్నరకు ఆ పీచు గుజ్జును మా వంటింట్లో పలచగా పరిచింది.

"ఏమండీ, మీ గళ్ల చొక్కా ఇలా ఇవ్వండి."

"వేసుకునేదేగా?"

"జేబు కింద చిరిగిందిగా."

"నువ్వు కుట్టావుగా."

"కుట్టిన రోజు నుంచీ దెప్పుతూనే ఉన్నారు. ఇవ్వండి."

గుజ్జు మీద చొక్కా కప్పి ఇస్త్రీ పెట్టెతో అదిమింది. చొక్కా నేత ఆ పొర మీద అచ్చుపడింది. పరిశోధనశాలలో పొరలను గాజు మీద ఆరబెడతారు. అవి నున్నగా ఉంటాయి. రెండో వైపు కరెంటు పుట్టించే సెల్లు పూత మాత్రం పరిశోధనశాలలోనే పూసింది. అది దాచను.

ఏప్రిల్ 2 నుంచి ఆ సెల్లు సింకు పైన కిటికీలో ఉంది. వానాకాలమంతా ఉంది. రోజూ ఉదయం ఎనిమిదింటికి కరెంటు కొలిచి క్యాలెండరు గడిలో రాసేది. ఆగస్టు 21న ఆసుపత్రిలో పోయింది. ఆ గడి ఖాళీ. 22 నుంచి నా చేతిరాత.

సెప్టెంబరు 4న పై అధికారి పరామర్శకు వచ్చారు. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. "ఇంకా పనిచేస్తోందా?" అన్నారు. "రోజూ" అన్నాను. 15న మీ స్టేషన్లో నా మీద ఫిర్యాదు ఇచ్చారు. సెల్లు తమ స్టోరులోంచి నేను దొంగిలించానట. పొర మీది నేత అచ్చు, వెలుతురును పట్టి ఉంచేలా తాను లెక్కగట్టి గీసిన నమూనా అట.

ఆ అచ్చులో ఒకచోట ఏడు కుట్లున్నాయి. ఏడూ ఏడు దిక్కులకు పోతాయి. అవి ఏ లెక్కలో వచ్చాయో ఆయన్ని అడగండి.

చొక్కా, సెల్లు రెండూ తెచ్చాను. ఈ వాంగ్మూలం రాసుకుంటున్న పోలీసు అధికారి గారు వాటిని పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశారు. "ఇదేం కుట్టండీ" అన్నారు. మా ఆవిడ కుట్టు అన్నాను.

సెల్లును జప్తు చేస్తే వెలుతురు తగిలే చోట ఉంచండి. ఎనిమిదింటికి వచ్చి కొలుచుకుంటాను.

ఇదంతా చదివి వినిపించారు. ఒకచోట "మేము చేశాం" అని పడింది. కొట్టించి "నా భార్య చేసింది" అని రాయించాను. చొక్కా ఒక్కటే నాది. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, నిజం. దిద్దిన చోటా, ఇక్కడా సంతకం చేశాను.

(సంతకం)