గూటి ప్లగ్గు

కోదాడ దాటి మట్టపల్లి గుడికి పోయే దారిలో ఆగిపోయిన వ్యాను. అందులోనే పడక, వంట, దేవుని గూడు. పడక మీద గిరిజమ్మ, తల దగ్గర ఊపిరి అందించే గాలి మిషను. పక్కన కొడుకు విష్ణువర్ధన్, కోడలు హారిక.

“ఇంకోసారి పెట్టి సూడు హారికా.”

“ఎన్నిసార్లు పెట్టాలండి? ఈ ప్లగ్గుల కరెంటే లేదు. అత్తమ్మ గోర్లు సూడున్రి, నీలంగ అయితున్నయ్.”

“పొద్దుగాల నడిసింది గదా గాలి మిషను.”

“కోదాడల మీ మామయ్యోళ్ల ఇంట్ల నుంచి వైరు గుంజినం, నడిసింది. ఇప్పుడు ఇన్వర్టర్ మీద నడవాలె. అది కాలిపోయిందా ఏంది?”

“కాలలె. గూట్ల దీపం ఎలుగుతనే ఉంది.”

“మరి ఈడికెందుకు వస్తలేదు?”

“జర దిగి సూడు, ముంగట లారీ జరిగిందేమో.”

“అడ్డం పడ్డ వడ్ల లారీ గింతల జరుగుతదా? ముంగట బండ్లే, ఎనక బండ్లే. నేనడిగింది చెప్పున్రి.”

“ఇన్వర్టర్ వైరు... ఒక్క ప్లగ్గుకే ఇప్పిచ్చిన.”

“దేనికి?”

“గూటికి. గాలి మిషను కాడ మంట వద్దన్నరని కరెంటు దీపం పెట్టినం గదా. మొక్కు దీపం, స్వామి కాడికి పోయేదాక ఆరొద్దని.”

“పడకకు?”

“అది ఇంటి వైరు పెడితేనే పనిజేస్తది. ముందు దేవునికి అనుకున్న, హారికా. అమ్మకు తర్వాత...”

“తర్వాతనా?”

“పొడుగు బోర్డు ఏది? రెండూ పెడదాం.”

“కోదాడల్నే మర్సినం. దీపం పీకి మిషను పెట్టున్రి.”

“వద్దు... బిడ్డా.”

“అమ్మా, నువ్వు మాట్లాడకు.”

“నేను మొక్కిన దీపం... నా పానం కోసం ఆర్పుతవా?”

“ఊపిరి నిలవాలనే గదా అత్తమ్మా మొక్కిన్రు? అదే లేకుంటే దీపం ఎవలికి?”

“అట్లనకు హారికా. తప్పు.”

“ఏది తప్పండి? మీరే చెప్పున్రి.”

“మొక్కు దీపం పీకుడు.”

“అయితే జరగున్రి, నేను పీకుత.”

“ఆగు. నా తల్లి. నేనే పీకుత. స్వామీ, స్వామీ... అమ్మా, కండ్లు మూసుకో. దండం పెట్టుకో.”

“మిషను మీద ఆకుపచ్చ లైటు వచ్చింది. ఇంజను బందు చేయకున్రి, బ్యాటరీ ఖతమైతది. గొట్టం ముక్కుకు పెట్టిన. గుంజున్రి అత్తమ్మా. మెల్లగ, మెల్లగ.”

“అమ్మా? ఓ అమ్మా? పలుకు.”

“జర ఆగున్రి. రొమ్ము లేస్తున్నది. పెదవులు సూడున్రి, ఎర్రబడుతున్నయ్.”

“విష్ణూ... దీపం?”

“ఉంది అమ్మా. ఎలుగుతున్నది. అదిగో, గూటి కాడ.”

“మసక మసకగ కండ్లకు ఆనుతున్నది... దండం పెట్టిన.”

“పెట్టు అమ్మా, పెట్టు.”

“మన దీపం ఎర్రగ ఉండె గద బిడ్డా. ఇది ఆకుపచ్చగున్నది.”

“అమ్మా, అది...”

“నాకెరుకే. మట్టపల్లి దాక దీన్నే ఆరకుండ సూడు.”