కొక్కేల అక్క

అమ్మలారా, అయ్యలారా,

కుర్చీలు చాలక గోడ పక్కన నిలబడ్డవాళ్లు, పొలం పనులు ఆపుకుని వచ్చినవాళ్లు, నగరం నుంచి మొదటి బస్సుకే బయలుదేరిన మా వర్క్‌షాపు వాళ్లు... మిమ్మల్నందరినీ ఇలా ఒక్కచోట చూస్తే అక్క ఎంత సంబరపడేదో! ఆమె పోయి ఇవాళ్టికి వారం. నాకు ప్రసంగాలు రావు. రాళ్లు పొదగడం ఒక్కటే వచ్చు. తడబడితే ఓర్చుకోండి.

నగల వర్క్‌షాపులో ఆమె, నేను పక్కపక్క బల్లల దగ్గర పద్దెనిమిదేళ్లు పనిచేశాం. అక్కడ ఎవరి ముక్క వాళ్లదే. గొలుసు ఒకరు అల్లుతారు, మెరుగు ఇంకొకరు పెడతారు. ఆమె పని కొక్కేలు. గొలుసు రెండు కొసల్నీ కలిపే చిన్న కొక్కెం ఉంటుందే, అదే. రోజుకు నలభై. అందుకే మాకందరికీ ఆమె కొక్కేల అక్క.

ఒకనాడు బస్సులో ముందు సీట్లో ఉన్నావిడ మెడ వెనక అక్కకు తన కొక్కెం కనబడింది. అక్క ఆనందం పట్టలేక ఆవిడ భుజం తట్టి, "ఇది నేను చేసిందేనండీ!" అంది. ఆవిడ గొలుసు గుప్పిట్లో బిగించుకుని, "దొంగ, దొంగ" అంటూ తర్వాతి స్టాపులోనే దిగిపోయింది. మర్నాడు అక్క ఈ సంగతి చెబుతుంటే మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆమె కూడా నవ్వింది. కానీ మధ్యాహ్నానికి ఆకురాయి కింద పెట్టేసింది. "తమ్ముడూ, ఇన్నేళ్లూ జనం మెడల వెనకే బతికాను. చేసింది ఎవరికో, వాళ్ల మొహమేంటో కూడా తెలీదు. ఇక నా వల్ల కాదురా" అంది.

నెల తిరక్కుండా ఈ ఊరొచ్చి, మనిషిని చూసి నగ చేస్తానంటూ పాడుబడ్డ ఈ కోళ్ల షెడ్డు అద్దెకు తీసుకుంది. నేనేమన్నాను? "పిచ్చి పట్టిందా అక్కా?" అన్నాను. అంతటితో ఆగానా? రెండేళ్లు మాట్లాడటమే మానేశాను.

కోపం చల్లారి చూడటానికి వస్తే ఏం చేస్తోంది? గరిటె కాడ అతికిస్తోంది! కళ్లజోళ్లు, గొడుగులు, తాళాలు... ఊరంతా ఆమె బల్ల మీదే ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇందుకా వచ్చావన్నాను. ఆమె తలెత్తకుండానే, "గరిటె అతికేదాకా కూర్చుని కబుర్లు చెబుతార్రా. ఆ కాసేపట్లో చెవులు చూస్తాను, వేళ్లు చూస్తాను. ఎవరికేం నప్పుతుందో పుస్తకాల్లో ఉంటుందా?" అంది.

ఈ ముందు వరుసలో కూర్చున్న చెల్లెమ్మకు గడ్డి కోసే యంత్రంలో సగం వేలు పోయింది. ఏళ్ల తరబడి ఆ చెయ్యి వెనకే దాచుకుంది. ఓసారి తాళం బాగుచేయించుకోవడానికి వస్తే అక్క ఆ చెయ్యి చూపించమంది. అయ్యో అనలేదు. దారంతో కొలత తీసుకుంది. వారానికి, ఆ సగం వేలికే వెండి ఉంగరం చేసింది. "దీనికి ఉంగరమేంటమ్మా, నలుగురూ నవ్విపోరూ?" అంది ఈవిడ. "నవ్వనీ. నవ్వాలంటే ముందు చూడాలిగా!" అంది అక్క. ఆ చెయ్యే ఆరేళ్లుగా ఇక్కడ పట్టకారు పడుతోంది. చివరి ఏడాది అక్క చేతులు వణికితే, పని సాగింది ఈ చెల్లెమ్మ చేతులతోనే.

అక్క దేవతని చెప్పను. మొండి మనిషి. వంకర కనబడితే నా పనైనా సరే మొహాన కొట్టినట్టు చెప్పేది. దగ్గు ముదిరినా, "ఈ కమ్మల జత అయ్యాక చూపించుకుంటాలే" అంటూ ఆస్పత్రి వాయిదా వేసింది. ఎన్ని జతలయ్యాయో!

ఏటా నన్ను పిలిచేది. "వచ్చెయ్యరా." ఏటా నేను, "వచ్చే ఏడాది అక్కా." ఎన్నిసార్లన్నాను? ఏడుసార్లు. నాకు వచ్చే ఏడాది ఉంది. ఆమెకు లేకపోయింది.

మొన్న ఉద్యోగం మానేశాను. సోమవారం నుంచి ఇక్కడే ఉంటాను. పెద్ద బల్ల ఈ చెల్లెమ్మది, పక్క బల్ల నాది. ఆమెకింకా రాళ్లు పొదగడం రాదు, నేర్పుతాను. ఆలస్యమైందని తెలుసు. ఆ మాట చెప్పుకుందామంటే అక్క లేదు.

ఇక లేవండి. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా నిలబడదాం. మీ ఒంటి మీద ఆమె చేసిందేదైనా ఉంటే ఓసారి తాకండి. లేనివాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి.