ఏప్రాన్ జేబులో పానా

హలో… ఆ, నేనేనే, అమ్మమ్మని! అమ్మయ్య, దొరికావు తల్లీ. మందులు తెస్తానని అంబులెన్సెక్కావు, ఇంకా రాలేదేంటా అని…

…ఆస్పత్రి సెల్లార్లోనే ఉన్నాం. సైరన్ మోగగానే అందరం దిగిపోయాం. ఈసారి ప్రాక్టీసు కాదే, నిజం బాంబులే! నువ్వు నేర్పినట్టే రోగుల్ని దుప్పట్లో వేసి మోసుకొచ్చారు. ప్రాక్టీసులో రోగి వేషం ఎప్పుడూ నాదేగా, ఈకలా ఉంటానని! ఇవాళ ఆ లావుపాటి టైలరుని ఎత్తేసరికి కాంపౌండరు నడుం పట్టేసింది…

…నవ్వవేంటే?

సరే, విను. టైలరుకి పెట్టిన చిన్న ఆక్సిజన్ సిలిండరు అయిపోవచ్చింది. పెద్దది పక్కనే ఉంది, నిండుగా. దాని వాల్వు తిప్పే పానా ఏదీ?…

…నీ జేబులోనా? అదే అనుకున్నా. ఎవరైనా ఎక్కడో పడేస్తారని ఎవ్వరి చేతికీ ఇవ్వవుగా, హెడ్ నర్సమ్మా! ప్రాక్టీసులో ఏప్రాన్ జేబు తట్టి, 'అమ్మమ్మా, నీ ఊపిరి ఇక్కడుంది' అనేదానివి. ఎంత నవ్వేవాళ్ళమో…

…ఆ, కాంపౌండరు పటకారుతో కూడా తిప్పి చూశాడు. ఊహూఁ, కదల్లేదు. నువ్వు త్వరగా వచ్చెయ్యి—

…ఎవరే ఆ ఏడుపు? చంటిదా? అది ఇంట్లో కదా ఉండాలి?…

…ఆ దగ్గు మీ అత్తగారిది కాదూ?

మందులు తేవడానికి ఇంటిల్లిపాదీ కావాల్సొచ్చారా?…

…

…ఊరి చివరి వంతెన దాటేశారా.

…పొద్దున్నే తెలుసా నీకు? బాంబులేస్తారని ఫోనొచ్చిందా?… మరి కూర్చోబెట్టి నా జడ వేశావు కదే. 'ఇప్పుడే వస్తా, పక్కకి తిరిగి పడుకో' అన్నావు కదే…

…చోటు లేదా? దుప్పట్లో పట్టేదాన్ని, బండిలో పట్టలేదా తల్లీ?

…ఏడవకు. పిల్లల తల్లివి, భయం ఉంటుంది. నాకూ ఉంది. చెప్పి వెళ్తే చంటిదాని పాలసీసా నేనే కడిగిచ్చేదాన్ని. చెప్పకుండా వెళ్ళావు… నన్ను వదిలావు, సరే. వీళ్ళంతా నిన్ను చూసుకునే కదే ధైర్యంగా పడుకుంది?

…డ్రైవరేడీ? మిమ్మల్ని దింపి వెనక్కొస్తానంటున్నాడా?… వాడికివ్వు పానా. ఇప్పుడే. నేను వింటూ ఉంటా, ఇవ్వు.

…ఇచ్చావా?… ఏప్రాన్ కూడా ఇచ్చెయ్యి. నీకెందుకింక అది?

…ఉండు, టైలరు అడుగుతున్నాడు, నర్సమ్మ ఎప్పుడొస్తుందని. నువ్వే చెప్తావా? స్పీకర్ పెడుతున్నా, మాట్లాడు…

…హలో?

…హలో? అమ్మలూ?

…

సిగ్నల్ పోయింది తమ్ముడూ… పానా వస్తోందిలే. నువ్వు మాట్లాడకు, మాస్కు తియ్యకు.