బండిగుర్రం

రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే రోడ్డు. ఆటోలో లాటిన్ మాస్టారు ప్రకాశం, ఆయన కూతురు జ్యోత్స్న. నడిపేది అజయ్ బాబు.

"కళ్ళు మూయకు తల్లీ. గుర్రాన్ని ఫ్రెంచివాడు ఏమంటాడు?"

"నాన్నా, నన్ను పాము కరిచింది. ఇప్పుడు పరీక్షేంటి?"

"చిన్నప్పుడు బాపట్లలో స్కూటర్ మీద అడిగేవాణ్ణిగా. అలాగే అనుకో. చెప్పు."

"షెవాల్."

"స్పెయిన్‌లో?"

"కబాయో. ఇటలీలో కవాల్లో. చాలా?"

"ఇవన్నీ ఏ లాటిన్ మాటలోంచి పుట్టాయి?"

"ఎక్వుస్."

"కాదు! అది దొరగారి గుర్రం. జనం నోట్లోంచి ఆ మాట ఎప్పుడో పోయింది. మరి ఏది మిగిలింది? అజయ్ బాబూ, ఆపావేంటి?"

"గేటు పడిందండి. రేపల్లె రైలు పోవాలి. ఇంతకీ ఏ పామండి?"

"నాగుపాము. గడ్డివాము దగ్గర. పడగ నేనే చూశాను. చెప్పమ్మా, బండి లాగే గుర్రాన్ని రోము జనం ఏమనేవాళ్ళు?"

"కబ... వుస్."

"సరిగ్గా పలుకు. ద్విత్వం మింగకు. కబల్లుస్."

"కబ... వు..."

"నాలుక తిప్పు జ్యోత్స్నా! అంత బద్ధకమేంటి?"

"తిర... గట్లేదు... నాన్నా."

"ఏంటి?"

"మాస్టారూ, విషం ఎక్కితే మాట ముద్దవుద్దండి. ఆ రెప్పలు చూడండి, వాలిపోతున్నాయి."

"అయ్యో. అయ్యో, నేను ఉచ్చారణ దిద్దుతున్నాను! గేటు, అజయ్ బాబూ, గేటు!"

"లేస్తోందండి. అమ్మాయిని పట్టుకోండి."

"నువ్వు మాట్లాడకు తల్లీ. నేను చెప్తా, విను. ఆ బండిగుర్రం మాటే బతికింది. ఎక్వుస్ చచ్చి... ఆ మాట కాదు, ఆ మాట వద్దు. ఆడగుర్రానికి మాత్రం పాత మాటే. స్పెయిన్‌లో యేగ్వా. వింటున్నావా? నా వేలు నొక్కు. నొక్కు తల్లీ. ప్రభువా... నొక్కింది."

తెనాలి ఆసుపత్రి. మంచం దగ్గర నర్సు బిందుమాధవి.

"చెయ్యి వదలండి బాబాయిగారూ. సూది పెట్టాలి. అమ్మాయికి ఆయాసం, ఎలర్జీ లాంటివి ఉన్నాయా?"

"లేవమ్మా. ఎందుకు?"

"ఈ మందు కొందరికి పడదండి. గుర్రం రక్తంలోంచి తీస్తారు."

"ఏంటన్నావు?"

"గుర్రమండి. దానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కిస్తారు. అది తట్టుకున్నాక రక్తం తీసి మందు చేస్తారు. మీరు బయట కూర్చోండి."

"ఒక్క నిమిషం. జ్యోత్స్నా, విన్నావా? గుర్రమట. జ్యోత్స్నా!"

"ఇప్పుడు పలకదండి. మందు పనిచెయ్యాలి. బయట ప్రార్థన చేసుకోండి."

సాయంత్రం. అదే మంచం.

"నాన్నా..."

"ఇక్కడే ఉన్నా. మాట్లాడకు, మాట్లాడకు తల్లీ."

"నర్సమ్మ చెప్పింది విన్నాను. నాకు మందిచ్చింది దొరగారి గుర్రం అయ్యుండదులే నాన్నా. కబల్లుస్. ద్విత్వం మింగలేదు, చూసుకో."