వెంట్రుకవాసి సందు

డెల్టాలో వరికోతలకి ఒక కాలమంటూ ఉంటుంది గానీ జోయెల్ కోతలకి లేదు. గుణదల కొండ కింద లాజరు టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే చాలు, నోరు ముందు నడుస్తుంది, మనిషి వెనకాల వస్తాడు.

ఆ సాయంత్రం మటుకు అతనికి మాట్లాడాలని లేదు. ఎదురుగా మరియదాసు గారు కూర్చున్నారు. తన పెళ్ళినాటి బుల్లెట్‌ని బాగుచెయ్యమని జోయెల్ చేతికిచ్చి, మేరీమాత తిరునాళ్ళకి భార్య సంపూర్ణమ్మని వెనక కూర్చోబెట్టుకుని కొండ దాకా తీసుకెళ్తానని పేటంతా చెప్పుకున్న మనిషి. మోకాళ్ళు అరిగిపోయిన ఆవిడ కొత్త చీరకి ఫాల్ కూడా కుట్టించుకుంది. తిరునాళ్ళు రేపే.

"బండేది బాబూ?" అన్నారాయన.

నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. దాని పక్కనుంచి కోత దూకింది.

"బండి సంగతి తర్వాత అంకుల్, ముందు దాని పిస్టన్ సంగతి వినండి. ఇంత పాత బండికి గేజీ లేకుండా పిస్టన్ కూర్చోబెట్టినోడు బెజవాడలో ఎవడన్నా ఉన్నాడా?"

"సందు కొలిచే ఫిల్లర్ గేజీ నేనిస్తానంటే వద్దన్నావుగా" అన్నారు పక్క స్పేర్ పార్ట్స్ కొట్టు లక్ష్మీకాంత్ గారు.

"ఆ ఇనప రేకులు ఎవడిక్కావాలండీ? పిస్టన్‌కీ అది ఆడే బోరుకీ మధ్య వెంట్రుకవాసి సందుండాలన్నారు పెద్దోళ్ళు. వెంట్రుకవాసి అన్నారు గానీ రేకువాసి అన్నారా? అందుకని వెంట్రుకే పెట్టి కొలిచాను."

"నీ నెత్తి మీద పిస్టన్ చుట్టూ తిరిగేంత పొడుగు వెంట్రుక ఎక్కడిదిరా?" అన్నాడు లాజరు, టీ తిరగబోస్తూ.

"నాదని ఎవరన్నారు బాబాయ్? ఈ పేటలో నడుం దాటిన జడ ఎవరికుందో నీకు తెలీదా?"

అనేశాక చెవులు కాలాయి. ఆ జడ మరియదాసు గారి కూతురు డయానాది. ఆదివారం చర్చి క్వయర్‌లో ఆ జడ ఊగుతుంటే పాటేదో కూడా జోయెల్‌కి గుర్తుండదు. వాళ్ళ పెరట్లో ఇంజను విప్పుతుండగా చేతికి అంటిన ఒక్క వెంట్రుకని జేబులో దాచుకుని, రాత్రి తలగడ కింద పెట్టుకుని, చివరికి దాంతోనే సందు చూశాడు. ఆమెది ఏదో ఆ బండిలో ఉండాలనిపించింది. అలాంటిదాన్ని తెచ్చి ఇప్పుడు టీకొట్టు బల్ల మీద పారేశాడు. మరియదాసు గారు గ్లాసులోకి చూస్తున్నారు.

ఆగితే మళ్ళీ బండేదని అడుగుతారు.

"ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? అనుమానం తీరక ఓ చీమని ఆ సందులోకి పంపాను. వట్టి చీమైతే వెళ్ళొచ్చింది. పంచదార పలుకు మోసుకెళ్తే అడ్డంపడింది. అదీ ఫిట్టింగంటే. పొద్దున కిక్కు కొడితే చప్పుడే లేదు. ఆగిందేమోనని చూస్తే ఉయ్యూరు దాటి ఉన్నాను. పామర్రులో ట్యాంకు మీద నిండు గ్లాసు టీ పెట్టాను లాజరు బాబాయ్, గుడివాడ దాకా మీగడ ముడత పడలా."

"ట్యాంకు మీద నా గ్లాసేనా? ఒకటి తగ్గింది మరి."

"పెట్రోలు సంగతి వినండి. పామర్రులో రెండు లీటర్లు పోయించానా, గుడివాడలో మూత తీస్తే మూడుంది."

లక్ష్మీకాంత్ గారు నవ్వారు. అంతలోనే ఆ నవ్వు ఆగింది. అందరూ జోయెల్ భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు. తన మాటకి అందరి నోరూ పడిపోయిందనుకున్నాడు జోయెల్.

"ఇక హనుమాన్ జంక్షన్‌లో చూడాలి. లారీలన్నీ బారులు తీరి ఆగాయి, డ్రైవర్లు చెప్పులు విప్పి వచ్చి ట్యాంకు ముట్టుకుంటున్నారు. నేను తాళం తీశాను. ఇంజను ఆగలా. ప్లగ్గు పీకాను. ఆగలా. అంత తేలిగ్గా తిరుగుతోంది పిస్టను. అందుకే అంకుల్, అక్కడే వదిలేసొచ్చాను. తిరిగి తిరిగి అలిసిపోయాక తెచ్చుకుందామని."

"జోయెల్ గారూ."

వెనక్కి తిరిగాడు. అమ్మకి టీ పట్టుకెళ్దామని వచ్చిన డయానా, చేతిలో ఫ్లాస్కుతో నిలబడి ఉంది. జడ మాట దగ్గర్నుంచీ విన్నట్టుంది.

"మీరు కొలిచింది నా జుట్టుతో కాదు. సవరంతో. బీసెంట్ రోడ్డులో కొన్నాను, నైలాన్‌ది. టైఫాయిడ్‌కి నా జుట్టు ఊడిపోయింది. ఆ సంగతి అమ్మకీ నాన్నకీ తప్ప ఎవరికీ తెలీదు, ఇప్పటిదాకా."

గొంతు పెంచలేదు. జడ ముందుకి వేసుకుని చేత్తో పట్టుకుంది.

లక్ష్మీకాంత్ గారు తల కొట్టుకున్నారు. "నైలాన్ లాగితే సాగుద్ది, సాగితే సన్నబడుద్ది. చాలని సందులో కూడా దూరుద్ది. బండి వేడెక్కాక పిస్టన్ ఉబ్బితే ఇంకేముంది... పట్టేసిందా?"

"పట్టేసిందండీ" అన్నాడు జోయెల్. "హనుమాన్ జంక్షన్ దాటాక. కిక్కు కిందికి దిగట్లేదు. పంచరు కొట్టు ముందు పెట్టి బస్సెక్కి వచ్చాను."

లాజరు పొయ్యి మంట తగ్గించాడు.

మరియదాసు గారు లేచి కూతురి చేతిలో ఫ్లాస్కు తీసుకున్నారు. "పద తల్లీ. మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే."

"మీరొద్దు నాన్నా" అంది డయానా. "అమ్మ చీర ఇస్త్రీ చేసుకుంటోంది. జోయెల్ గారే వచ్చి చెప్తారు. మాకు చెప్పినట్టు కాదు, ఇప్పుడు లక్ష్మీకాంత్ గారికి చెప్పినట్టు."

జోయెల్ లేచి వాళ్ళ వెనకాల నడిచాడు. సందు చివర వాళ్ళ ఇల్లు. మళ్ళీ వెనక్కి వేసుకున్న ఆ జడ అక్కడిదాకా అతని ముందు ఊగుతూనే ఉంది. అతను వెంట్రుకవాసి కూడా తల ఎత్తలేదు.