బిల్లు వచ్చేలోపు

భవానీపురంలోని ఆ చేనేత చీరల కొట్లో బిల్లుల ప్రోగ్రామును ప్రోగ్రాములు రాసే ఓ అమ్మాయి పరుగులు పెట్టించి వారం కాలేదు, ఓనరు అర్జంటుగా రమ్మన్నాడు. ఏం కొంప మునిగిందోనని హడావిడిగా వచ్చింది.

“లెక్క తప్పు వస్తోందాండీ?”

“తప్పు రావట్లేదమ్మా. బిల్లు మరీ తొందరగా వచ్చేస్తోంది.”

“మీరడిగిందీ అదే కదండీ! ఇదివరకు మన జావా ప్రోగ్రాము ఒక్కో చీర ధర కోసం డేటాబేస్ దగ్గరికి పోయి వచ్చేది. ఇప్పుడు లెక్కంతా అక్కడే స్టోర్డ్ ప్రొసీజర్‌గా రాసిపెట్టాను. ఒక్కసారి పిలిస్తే చాలు, బిల్లు మొత్తం ఒకేసారి వచ్చేస్తుంది.”

“ఆ పోయి రావడంలోనే ఉందమ్మా మా వ్యాపారం! తెర మీద చక్రం తిరుగుతుంటే కొనడానికొచ్చినవాళ్లకి మా ఆవిడ మజ్జిగిచ్చి, ఊరికే చూడండంటూ ఇంకో రెండు చీరలు విప్పేది. ఇప్పుడు గ్లాసు అందించేలోపే వాళ్లు ఆటో ఎక్కేస్తున్నారు.”

“అందుకని మళ్లీ పాతదే పెట్టమంటారా?”

“ఒక్కసారి పెట్టి చూడు తల్లీ.”

ఒళ్లు మండినా ఆమె పాత ప్రోగ్రామే పెట్టి, ఉత్తుత్తి బిల్లొకటి కొట్టింది. చక్రం తిరగడం మొదలైంది. ఓనరు భార్య వచ్చి చేతిలో చల్లటి మజ్జిగ పెట్టింది.

“చూశారా, ఎంత విసుగో! ఇంత నెమ్మదిగా ఉంటే ఎవరు మాత్రం... ఆ నెమలికంఠం రంగు చీర ఒకసారి విప్పుతారా అండీ?”